సిడ్నీ చిట్టడవిలో వనభోజనం: బుష్‌కేర్ పనిని పండుగలా జరుపుకోవడం ఎలా

వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, బ్లాక్‌టౌన్, స్కోఫీల్డ్స్ వైపు ఉండే తెలుగువాళ్లు కార్తీక మాసం రాగానే ఏదో ఒక పార్కు బుక్ చేసి వనభోజనాలు పెట్టుకుంటారు. పులిహోర, తంబోలా, అంత్యాక్షరి, పిల్లల ఆటలు, సాయంత్రానికి ఎవరిళ్లకి వాళ్లు. చాలాచోట్ల ఆ పార్కు గడ్డి అయిపోయిన చోటే, కంచె అవతల, ఒక చిట్టడవి ముక్క ఉంటుంది. అందులో నెలకోసారి ఉదయం పూట కొంతమంది, ఎక్కువగా రిటైరైనవాళ్లు, మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీస్తుంటారు. వాళ్లని బుష్‌కేర్ వాలంటీర్లు అంటారు. వాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని పక్కనే మనం భోంచేసి వస్తాం గానీ, ఆ పని మన కంట పడదు.

వాళ్లనీ మననీ ఒక రోజు ఒకచోట కూర్చోబెట్టడం ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మీరు తెలుగు సంఘంలో పనిచేసేవాళ్లయినా, బుష్‌కేర్ గ్రూపులో ఇప్పటికే ఉన్నవాళ్లయినా ఇది పనికొస్తుంది. నా లెక్కలో ఇలాంటి పండుగకి రెండే పరీక్షలు. పండుగ వల్ల ఆ అడవికి గీత కూడా పడకూడదు. ఆ తర్వాత వచ్చే పని రోజున కొన్ని కొత్త ముఖాలు కనిపించాలి. స్టేజి, బ్యానర్, మైకు లాంటివన్నీ ఈ రెండింటి తర్వాతే.

ఇక్కడి అడవి సంగతి కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పడమటి సిడ్నీ మైదానాల్లో ఒకప్పుడు పరుచుకుని ఉన్నది కంబర్లాండ్ ప్లెయిన్ వుడ్‌లాండ్. గ్రే బాక్స్, ఫారెస్ట్ రెడ్ గమ్, ఐరన్‌బార్క్ చెట్లు దూరం దూరంగా నిలబడి, వాటి కింద ముళ్ల బర్సేరియా పొదలు, అడుగున కంగారూ గడ్డి ఉండే పలుచటి అడవి ఇది. మొదట పొలాలకి, తర్వాత ఇళ్లకి, రోడ్లకి పోగా ఇప్పుడు మిగిలింది 10 శాతం లోపే, అదీ ముక్కలు ముక్కలుగా. 2009లో ఫెడరల్ చట్టం కింద దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న అడవుల జాబితాలో చేర్చారు. అంటే మన కొత్త ఇళ్ల మధ్య, కాలువ పక్కన, స్కూలు వెనక కనిపించే ఆ బక్క చెట్ల గుంపు చాలా విలువైనది.

1. ముందు పనికి వెళ్లండి

పండుగ చేద్దామనుకున్న చోట బుష్‌కేర్ గ్రూపు ఉందో లేదో మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. వాళ్ల పని రోజున వెళ్లి, పేరు రాయించుకుని, వాళ్లతో కలిసి పనిచేయండి. ఒక్కసారి వెళ్లి ఫోటో దిగి రావద్దు, కొన్ని నెలలు వెళ్లండి. "మేం మీకోసం ఒక కార్యక్రమం చేస్తాం" అని బయటినుంచి వచ్చి చెబితే వాళ్లు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. చేతికి మట్టి అంటిన తర్వాత అడిగితే "ఎప్పుడు చేద్దాం" అంటారు.

అక్కడ మీరు మొదట గమనించేది, పని ఎంత నెమ్మదిగా సాగుతుందో. మనవాళ్లకి ఇది కాస్త వింతగా ఉంటుంది, అంతమంది కలిసి ఒక్క పొద్దులో మొత్తం నరికేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ దానికి ఒక లెక్క ఉంది. సిడ్నీ హార్బర్ పక్కన మోస్‌మన్‌లో ఐలీన్, జోన్ బ్రాడ్లీ అనే అక్కాచెల్లెళ్లు 1960ల్లో తమ ఇంటి దగ్గరి ఆష్టన్ పార్క్ అడవిలో కలుపు తీస్తూ, ఏం చేస్తే ఏం మొలుస్తోందో ఏళ్ల పాటు గమనించి మూడు సూత్రాలు చెప్పారు. బాగున్న అడవి దగ్గర మొదలుపెట్టి పాడైన వైపుకి జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించి, తీసిన ఆకుల పొరని మళ్లీ కప్పేయాలి. స్థానిక మొక్కలు తిరిగి మొలిచే వేగాన్ని మించి కలుపు తీయకూడదు. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఆగడం నేర్చుకోవాలి. ఒక్కసారిగా ఖాళీ చేస్తే ఆ ఖాళీలో మళ్లీ కలుపే వస్తుంది. పైగా లాంటానా లాంటి దట్టమైన కలుపు పొదల్లో ఫెయిరీ-రెన్ లాంటి చిన్న పిట్టలు దాక్కుంటాయి, స్థానిక పొదలు ఎదిగేలోపు వాటి నీడంతా లాగేస్తే అవి ఎక్కడికి పోతాయి?

పండుగ ప్లాన్ చేసే ప్రతి మీటింగులో ఈ మూడు సూత్రాలు గుర్తుంచుకోండి. "ఆ రోజు వచ్చిన వందమందితో కలుపు తీయిద్దాం" అనే ఐడియా ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. వద్దు. వందమంది కాళ్లు చాలు, అడుగున మొలుస్తున్న చిన్న గడ్డి, లిల్లీ మొలకలన్నీ పోవడానికి.

2. తేదీ: మొక్కలు జూలైలో, భోజనాలు కార్తీకంలో

దీని మీద ఎక్కువ ఆలోచించండి. మామూలుగా మనం హాలు దొరికిన రోజో, ముఖ్య అతిథి ఖాళీగా ఉన్న రోజో చూసి తేదీ పెడతాం. ఇక్కడ వాతావరణాన్నీ అడవినీ చూసి పెట్టాలి.

సిడ్నీలో మొక్కలు నాటడానికి చలి కాలం మంచిది. నేషనల్ ట్రీ డే 1996 నుంచి జరుగుతోంది, ఏటా జూలై చివరి ఆదివారం వస్తుంది, కౌన్సిళ్లు ఆ రోజుకి మొక్కలు, పనిముట్లు, సిబ్బంది సిద్ధంగా పెడతాయి. చలికి పాములు కూడా పెద్దగా బయట తిరగవు. ఆగస్టు, సెప్టెంబర్లలో వాటిల్ చెట్లు పసుపు పచ్చగా పూస్తాయి, హార్డెన్‌బెర్జియా తీగ ఊదా రంగు పూలతో కంచెల మీదికి పాకుతుంది, సెప్టెంబర్ 1 నేషనల్ వాటిల్ డే. చూడ్డానికి ఇదే అందమైన సమయం. కాకపోతే ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మాగ్‌పై పిట్టలు గూళ్లు పెట్టుకుని తలల మీదికి దూసుకొస్తాయి, కాబట్టి స్థలం ఎంచుకునేటప్పుడు ఆ చెట్టు ఎక్కడుందో గ్రూపు వాళ్లని అడిగి దానికి దూరంగా జరగండి.

కార్తీకం మన లెక్కలో అక్టోబరు, నవంబరు. న్యూ సౌత్ వేల్స్‌లో అడవి మంటల సీజన్ చట్టప్రకారం అక్టోబర్ 1న మొదలై మార్చి 31 దాకా ఉంటుంది. ఎండ ముదురుతుంది, అప్పుడు నాటిన మొక్కకి వేసవంతా నీళ్లు మోయాలి.

అందుకే నా సలహా, దీన్ని రెండు రోజులుగా విడదీయండి. జూలైలో ట్రీ డే నాడు పిల్లలూ పెద్దలూ వచ్చి మొక్కలు నాటి వెళ్తారు, సన్మానాలూ భోజనాలూ పెద్దగా ఉండవు, టీ, బిస్కెట్లు చాలు. కార్తీకంలో వనభోజనాలకి అదే చోటికి వస్తారు. తను నాటిన మొక్క బతికిందా, ఎంత ఎదిగింది అని చూసుకోవడానికి పిల్లలు ముందే పరుగెత్తుతారు. నాటిన రోజు ఫోటో కంటే ఆ రెండో రోజు చూపే అసలైనది. కొన్ని చచ్చిపోయి ఉంటాయి, అదీ చూడనివ్వండి, ఎందుకు పోయిందో వాలంటీరు చెబుతారు.

3. అనుమతులు, కాగితాలు

కనీసం మూడు, నాలుగు నెలల ముందు కౌన్సిల్‌ని కలవండి. అక్కడ ఇద్దరితో మాట్లాడాలి. పార్కు బుకింగ్ చూసే విభాగం వేరు, బుష్‌కేర్ ఆఫీసర్ వేరు, ఒకరికి చెప్పింది రెండోవాళ్లకి తెలుస్తుందని అనుకోవద్దు. ఇద్దరినీ ఒకే ఈమెయిల్లో పెట్టండి, సగం గొడవ తగ్గుతుంది.

చాలా కౌన్సిళ్లు కార్యక్రమానికి 2 కోట్ల డాలర్ల పబ్లిక్ లయబిలిటీ కవర్ (వచ్చినవాళ్లకి దెబ్బ తగిలినా, నష్టం జరిగినా ఆదుకునే ఇన్సూరెన్స్) ఉన్నట్టు సర్టిఫికెట్ అడుగుతాయి. తెలుగు సంఘానికి ఇప్పటికే ఉంటే దాన్నే చూపించొచ్చు, లేదంటే కౌన్సిల్‌తో కలిసి జరిపే కార్యక్రమంగా చేయొచ్చేమో అడగండి, చిన్న గ్రూపులకి అదే తేలిక. మొక్కలు నాటడం లాంటి పనికి వచ్చినవాళ్లందరూ సైన్-ఆన్ షీట్‌లో సంతకం పెట్టాలి, ఇన్సూరెన్స్ దాని మీదే ఆధారపడుతుంది. దానికి ఒక మనిషిని ప్రత్యేకంగా గేటు దగ్గర కూర్చోబెట్టండి. పిల్లలతో విడిగా పనిచేసే వాలంటీర్లకి వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అనే ప్రభుత్వ తనిఖీ అయి ఉండాలి. తిండి అమ్ముతున్నారా, ఉచితంగా పెడుతున్నారా అన్నదాన్ని బట్టి నియమాలు మారతాయి, అదీ ఈ మీటింగులోనే అడిగేయండి.

4. ఈ నేల ఎవరిదో మొదట చెప్పండి

పడమటి సిడ్నీలో ఎక్కువ భాగం దారుగ్ అనే అబొరిజినల్ (ఇక్కడి ఆదివాసీ) ప్రజల నేల. ఈ అడవిని, ఇందులోని గడ్డిని, దుంపల్ని, వేడి తక్కువగా ఉండే చిన్న మంటలతో, తరతరాల జ్ఞానంతో చూసుకున్నది వాళ్లు. అడవి బాగుచేసిన సంతోషాన్ని జరుపుకుంటూ వాళ్ల మాటే ఎత్తకపోతే ఆ పండుగకి అర్థం లేదు.

ఇందులో రెండు వేర్వేరు విషయాలున్నాయి, మనవాళ్లు తరచుగా కలిపేస్తారు. వెల్కమ్ టు కంట్రీ, అంటే వచ్చినవాళ్లని తమ నేల మీదికి ఆహ్వానించే మాటలు, చెప్పే హక్కు ఆ నేలకి చెందిన పెద్దలకే ఉంది. వాళ్లని ముందుగా, కనీసం రెండు నెలల ముందు, స్థానిక అబొరిజినల్ లాండ్ కౌన్సిల్ ద్వారానో, మీ కౌన్సిల్లోని అబొరిజినల్ అధికారి ద్వారానో అడగాలి. పడమటి సిడ్నీలో చాలా భాగానికి డీరబ్బిన్ లోకల్ అబొరిజినల్ లాండ్ కౌన్సిల్ ఉంది. దానికి ఫీజు ఉంటుంది, బేరం ఆడకుండా ఇవ్వండి. పురోహితుడికి దక్షిణ ఇచ్చేటప్పుడు మనం బేరం ఆడం కదా. వాళ్లు వచ్చినప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయేలా కాకుండా, వాళ్లకి ఇష్టమైతే అడవిలో నడక కూడా నడిపించమని అడగండి, భోజనానికి కూర్చోమనండి.

ఎక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ, అంటే ఈ నేల వాళ్లదని గుర్తించి నమస్కరించే మాటలు, అయితే ఎవరైనా చెప్పొచ్చు. ఇంగ్లీషులో కాగితం చూసి గబగబా చదివేసే కన్నా తెలుగులో చెప్పి, ఆ తర్వాత ఇంగ్లీషులో చెబితే మన పెద్దవాళ్లకి కూడా మనసుకి పడుతుంది. ఇలా చెప్పొచ్చు: "మనం ఇవాళ కూర్చున్న ఈ నేల దారుగ్ ప్రజలది. లెక్కలేనన్ని తరాలుగా ఈ నేలనీ నీటినీ చెట్లనీ చూసుకుంటూ వస్తున్నవాళ్లకి, వాళ్ల పెద్దలకి, గతించినవాళ్లకీ ఇప్పుడున్నవాళ్లకీ మా నమస్కారం. ఈ నేల మీద మాకు చోటు దొరికింది, దాన్ని జాగ్రత్తగా చూసుకోవడం మా బాధ్యత."

5. ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ అడుగు పెట్టకూడదు

కుర్చీలు, టెంట్లు, వంట, మైకు అన్నీ కోసిన గడ్డి మీదే. అడవి లోపలికి వెళ్లే దారులు ముందే తేల్చి తాడు కట్టండి. గ్రూపు వాళ్లతో ఒకసారి నడిచి, కొత్తగా మొలకలు వస్తున్న చోట చిన్న జెండాలు పాతండి.

పడిపోయిన దుంగల మీద కూర్చోవద్దు, వాటిని జరపొద్దు, పొయ్యికని తేవొద్దు. చూడ్డానికి చెత్తలా ఉండే ఆ దుంగల కింద, చెట్టు మొదళ్ల దగ్గర రాలిన బెరడు కింద కంబర్లాండ్ ప్లెయిన్ నత్త ఉంటుంది. ఈ రాష్ట్రంలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి అది, ఈ మైదానం చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. ఎండిన కట్టెల్ని ఏరేయడాన్ని న్యూ సౌత్ వేల్స్ చట్టం అడవికి ముప్పుగా గుర్తించింది. "కాస్త శుభ్రం చేద్దాం" అని ఉత్సాహంగా ముందుకొచ్చే మావయ్యలకి ఈ మాట ముందే చెప్పాలి.

స్పీకర్లు రోడ్డు వైపుకి తిప్పండి. డప్పు, నాదస్వరం పెట్టుకోవచ్చు, కానీ గూళ్లకి దూరంగా, మధ్యాహ్నం కాసేపు. బెలూన్లు, తళుకు కాగితాలు, పూలరేకులు చల్లడం ఏవీ వద్దు. బియ్యప్పిండి ముగ్గు సిమెంటు నేల మీద వేసి వెళ్లేటప్పుడు కడిగేయండి. బతుకమ్మ పేర్చాలనుకుంటే పేర్చుకోండి, పాడుకోండి, కానీ ఆ పూలని పక్కనున్న వాగులో వదలొద్దు, ఇంటికి తెచ్చి కంపోస్టులో వేయండి. బంతిపూలలో విత్తనాలుంటాయి. అసలు ఇక్కడి అడవుల్లోకి వచ్చిన కలుపులో పెద్ద భాగం ఇళ్ల తోటల నుంచి, కంచె మీదుగా విసిరేసిన తోట చెత్త నుంచి వచ్చిందే. ఉసిరి చెట్టు కింద తినాలన్న ఆనవాయితీ కోసం అడవి అంచున ఒక ఉసిరి నాటేద్దాం అనే ఆలోచన కూడా వద్దు. ఐరన్‌బార్క్ నీడలో కూర్చుని, ఇండియన్ షాపులో తెచ్చిన ఉసిరికాయ పచ్చడి విస్తట్లో వేసుకోండి.

ఇక కార్తీక దీపాలు. ఎండు గడ్డి పక్కన నూనె దీపాలు వద్దు. బ్యాటరీ దీపాలు పెట్టుకుని, అసలు దీపం ఇంట్లో తులసి దగ్గర వెలిగించుకోవచ్చు.

బూట్ల సంగతి చాలామందికి తెలియదు. ఫైటాఫ్తోరా అనే తెగులు మట్టితో పాటు ఒక అడవి నుంచి ఇంకో అడవికి ప్రయాణం చేసి వేళ్లని కుళ్లబెడుతుంది. 2010లో న్యూ సౌత్ వేల్స్‌లో బయటపడిన మిర్టల్ రస్ట్ అనే బూజు లేత ఆకుల్ని తినేస్తుంది, అది బట్టలకి కూడా అంటుకుని వస్తుంది. లోపలికి నడకకి వెళ్లేవాళ్ల కోసం ఒక బ్రష్షు, మెథిలేటెడ్ స్పిరిట్ కలిపిన స్ప్రే బాటిల్ దారి మొదట్లో పెట్టండి. పిల్లలకి ఈ పని అప్పజెబితే పెద్దలెవ్వరూ తప్పించుకోలేరు.

6. వచ్చినవాళ్లకి ఏం పని ఇవ్వాలి

కలుపు తీయించడం గురించి పైన చెప్పాను. నరికిన కాండానికి వెంటనే కలుపు మందు పూయడం లాంటివి శిక్షణ ఉన్న వాలంటీర్లే చేయాలి, అతిథులు దూరం నుంచి చూస్తే చాలు. అతిథులకి సరిపోయే పనులు అంచుల్లో ఉంటాయి: జూలైలో ట్యూబ్ మొక్కలు (చిన్న గొట్టం కుండీల్లో పెంచిన నారు) నాటడం, మల్చ్ (నేలని కప్పే చెక్క పొట్టు) పరచడం, నాటిన వాటికి నీళ్లు పోయడం, మొక్కకి కట్టిన తొడుగు సరిచేయడం. అది కూడా బుష్‌కేర్ ఆఫీసర్ ఎంచిన చోటే. నేలలో స్థానిక విత్తనాలు ఇంకా బతికి ఉన్నచోట నాటడం కంటే వాటంతట అవి మొలవనివ్వడమే మంచిది. పండుగ కోసం అక్కర్లేని చోట మొక్కలు నాటడం కన్నా నాటకపోవడమే మేలు. మొక్కలు కూడా ఆ చుట్టుపక్కల సేకరించిన విత్తనం నుంచి పెంచినవే కావాలి, షాపులో దొరికిన ఏదో "ఆస్ట్రేలియన్ నేటివ్" కాకుండా.

నడకలు మాత్రం ఎన్ని పెట్టినా తక్కువే. పది, పన్నెండు మంది చొప్పున, ముందు ఒక పాత వాలంటీరు, పక్కన తెలుగులో చెప్పే ఒకరు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చి కొన్ని నెలలు ఉండే అమ్మానాన్నలని దృష్టిలో పెట్టుకుని ఈ నడకని తయారుచేయండి. వాళ్లకి పగలంతా ఇంట్లో పొద్దుపోదు, చెట్టూ చేమా గురించి మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు, అడిగేవాళ్లు లేకగానీ.

వాళ్లకి చూపించాల్సినవి ఇక్కడ చాలా ఉన్నాయి. ఈ అడవిలోని ఫారెస్ట్ రెడ్ గమ్ చెట్టు ఖమ్మం, భద్రాచలం వైపు రైతులు కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ తోటల్లో ముఖ్యమైన జాతి. అక్కడ వరసల్లో సన్నగా పెరిగి కొన్నేళ్లకే కోతకి పోయే చెట్టు, ఇక్కడ వందల ఏళ్లు బతికి తొర్రల్లో చిలకలకీ పోసమ్‌లకీ ఇల్లు ఇస్తుంది. సముద్రం పక్కన పెరిగిన ప్రకాశం, నెల్లూరు వాళ్లకి సరుగుడు తోటలు తెలుసు, దాని బంధువులు ఇక్కడి వాగుల ఒడ్డున ఉంటాయి. ఇక లాంటానా గురించి చెప్పక్కర్లేదు, చేతితో నలిపి వాసన చూపిస్తే చాలు, మన ఊళ్లలో అడవి అంచున, కంచెల్లో ఉండే రంగురంగుల పూల ముళ్లపొద అని వాళ్లే అంటారు. అమెరికా ఖండాల మొక్క అది, 19వ శతాబ్దంలో అలంకారానికని తెస్తే రెండు దేశాల్లోనూ అడవుల్ని ఆక్రమించింది. ఎదురు దిశలో జరిగింది కూడా చెప్పండి: మన నల్ల తుమ్మ క్వీన్స్‌లాండ్ గడ్డి మైదానాల్లో వదిలించుకోలేని కలుపు అయి కూర్చుంది. ఒక చోట నీడనిచ్చే చెట్టు ఇంకో చోట కలుపు ఎలా అవుతుందో ఇంత బాగా చెప్పే ఉదాహరణ లేదు, పెద్దవాళ్లు దాని మీద భోజనాల దాకా మాట్లాడుకుంటూనే ఉంటారు.

7. చేసిన పని కళ్లకి కనిపించాలి

బాగుపడిన అడవి చూసేవాళ్లకి మామూలు అడవిలాగే ఉంటుంది, అదే ఈ పని కష్టం. ఒకప్పుడు అక్కడ మనిషి ఎత్తు ఆఫ్రికన్ ఆలివ్, ప్రివెట్ లాంటి కలుపు పొదలు దట్టంగా ఉండేవని ఎలా తెలుస్తుంది? పాత ఫోటోలతోనే. గ్రూపు దగ్గర ఫోటో పాయింట్లు ఉంటాయి, అంటే ఏటా ఒకే చోట నిలబడి ఒకే వైపు తీసిన ఫోటోలు. వాటిని పెద్దవిగా ప్రింట్ చేయించి, ఫోటో తీసిన చోటే కర్రకి కట్టండి. ఫోటోలో చూసి, తలెత్తి ఎదురుగా చూస్తే చాలు. హాల్లో స్లైడ్ షో వేయడం కన్నా ఇది వంద రెట్లు నయం.

ఫోటోలు లేకపోతే బాగుచేయని ముక్క ఒకటి పక్కనే ఉంటుంది కదా, దాన్నే చూపించండి. ఆలివ్ గుంపు కింద నిలబడితే నేల మీద ఏమీ మొలవని చీకటి, పది అడుగులు ఇటు జరిగితే గడ్డి, పూలు, వెలుతురు. ఒక బల్ల మీద ముఖ్యమైన కలుపు మొక్కల్ని సీసాల్లో పెట్టి పేర్లు రాయండి, బ్రైడల్ క్రీపర్ అనే తీగ దుంపల గుత్తి ఒకటి పెడితే అందరూ ఆగి చూస్తారు. పూలూ గింజలూ లేని కొమ్మలే తేవాలి, అయ్యాక మూటకట్టి చెత్తలో వేయాలి.

8. సన్మానం

శాలువాలు మనకి అలవాటే. కప్పండి, వాళ్లకి సంతోషంగానే ఉంటుంది. కానీ మంత్రిగారికి, కౌన్సిలర్‌కి, స్పాన్సర్‌కి కప్పి, చివర్లో "వాలంటీర్లందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్కలో ముగించేస్తే మొత్తం పని తలకిందులైనట్టే. వరస మార్చండి. పేరు పేరునా మొదట వాలంటీర్లు, ఆ తర్వాత మిగతావాళ్లు. రాజకీయ నాయకులు వస్తే వాళ్ల ప్రసంగం మూడు నిమిషాలని ఆహ్వానంలోనే రాయండి, నడకకి రమ్మనండి.

ప్రతి ఒక్కరి గురించి ఒక వాక్యం తెలుసుకుని చదవండి. ఈవిడ వాగు ఒడ్డున ఒంటరిగా ప్రివెట్ తీశారు, ఈయన ఏటా విత్తనాలు ఏరి ఎండబెట్టి నర్సరీకి ఇస్తారు, ఈవిడ ప్రతి పని రోజుకీ కేకు చేసి తెస్తారు. గ్రూపు మొదలుపెట్టి ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంట్లో ఉన్నవాళ్లని కారు పంపించి తీసుకురండి. చనిపోయినవాళ్ల పేర్లు వాళ్ల కుటుంబాలని అడిగి చదవండి. స్టేజి మీదికి రావడానికి మొహమాటపడేవాళ్లు ఈ గ్రూపుల్లో ఎక్కువ, వాళ్ల దగ్గరికే వెళ్లండి. పేర్లు, ఫోటోలు బయట పెట్టే ముందు అడగడం మర్చిపోవద్దు. బహుమతిగా మెమెంటో కన్నా మంచి చేతి కత్తెర, మోకాళ్ల కింద వేసుకునే మెత్త, బలమైన గ్లౌజులు ఇస్తే వాడుకుంటారు.

9. భోజనాలు

పులిహోర, పెరుగన్నం, బొబ్బట్లు, గారెలు, కూరగాయల పులావు, ఇవి దాదాపు అందరికీ నప్పుతాయి. ఆవకాయ పక్కన విడిగా పెట్టి, కారం అని రాయండి. ఇక్కడి వాలంటీర్లకి ఇలాంటి రోజున సాసేజ్ సిజిల్ (పొయ్యి మీద కాల్చిన మాంసం సాసేజ్‌లు) అలవాటు, అదీ కావాలంటే వేరే పొయ్యి, వేరే బల్ల, వేరే గరిటెలు పెట్టండి, ఇరువైపులా ఇబ్బంది ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం అలర్జీ. పులిహోరలో వేరుశనగలు, పులావులో జీడిపప్పు, స్వీట్లలో నెయ్యి మనకి మామూలే, కానీ ఇక్కడి స్కూళ్లలో వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలు ఎంతమందో మీకు తెలిసిందే. ప్రతి గిన్నె ముందు ఏమున్నాయో ఇంగ్లీషులో రాసిన కార్డు ఉండాలి.

వేడివి 60 డిగ్రీల పైన, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉంచాలి. ఆ మధ్యలో నాలుగు గంటలు దాటిన తిండి పారేయాల్సిందే, రెండు గంటలు దాటితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. అన్నానికి ఇది మరీ వర్తిస్తుంది. పొద్దున్నే వండి కారు డిక్కీలో పెట్టి మధ్యాహ్నం వడ్డించే అలవాటు ఇక్కడి ఎండకి ప్రమాదం.

ఇంటి నుంచి కంచాలు, గ్లాసులు తెచ్చుకోమని ఆహ్వానంలో రాస్తే సగంమంది తెస్తారు. మిగిలినవాళ్లకి ఆకు విస్తళ్లు. ఖాళీ సీసాలు, డబ్బాలు విడిగా పోగేస్తే రిటర్న్ అండ్ ఎర్న్ మెషీన్లో ఒక్కోదానికి 10 సెంట్లు వస్తాయి, ఆ డబ్బు గ్రూపుకి ఇవ్వండి. మిగిలిన అన్నం మాగ్‌పైలకీ బాతులకీ వేయొద్దు, పుణ్యం అనిపించినా సరే, అది వాటికి జబ్బు తెస్తుంది.

10. భద్రత

నిండా కప్పే బూట్లు, పొడుగు ప్యాంట్లు, టోపీ. చీరలో వచ్చేవాళ్లు నడకకి వెళ్లొచ్చు గానీ చెప్పులతో మాత్రం వద్దు. సన్‌స్క్రీన్, తాగునీళ్లు, నీడ, దగ్గర్లో టాయిలెట్, పెద్దవాళ్లకి వీపు ఆనే కుర్చీలు.

పాము కనబడితే కదలకుండా నిలబడి, దాన్ని పోనివ్వండి. కొట్టకూడదు, ఇక్కడ పాములకి చట్టం రక్షణ ఉంది. కాటు పడితే 000కి ఫోన్ చేయాలి, మనిషిని నడవనివ్వకూడదు, కాటుని కడగకూడదు, కోయకూడదు, తాడుతో బిగించకూడదు. కాటు మీద వెడల్పాటి సాగే కట్టు గట్టిగా చుట్టి, తర్వాత వేళ్ల దగ్గర మొదలుపెట్టి ఆ కాలంతా లేదా చెయ్యంతా పైదాకా చుట్టి, కర్ర కట్టి కదలకుండా ఉంచాలి. ఆ కట్లు ఎక్కడున్నాయో, వేయడం ఎవరికి వచ్చో మైకులో మొదటే చెప్పండి. అడవి పక్కన చిరునామా చెప్పడం కష్టం, నిర్వాహకులందరూ ఫోన్‌లో ఎమర్జెన్సీ ప్లస్ యాప్ పెట్టుకోవాలి, అది మీరున్న చోటుని చూపిస్తుంది. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోమనండి.

మంటల విషయంలో మొహమాటం వద్దు. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు బొగ్గుల పొయ్యి, కట్టెల పొయ్యి, హోమం ఏదీ కుదరదు, గ్యాస్ పొయ్యికి కూడా కఠినమైన షరతులుంటాయి. హజార్డ్స్ నియర్ మి యాప్‌లో వారం ముందునుంచి చూస్తూ ఉండండి. విపరీతమైన ఎండ, పెద్ద గాలి ఉంటే రద్దు చేసేయండి, గాలికి గమ్ చెట్ల కొమ్మలు విరిగిపడతాయి. మారు తేదీ మొదటి ఆహ్వానంలోనే ఉండాలి, రద్దు నిర్ణయం ఎవరు, ముందు రోజు ఎన్ని గంటలకి తీసుకుంటారో కూడా. అప్పుడు వాట్సాప్ గ్రూపులో రాత్రంతా టెన్షన్ ఉండదు.

11. ఆ రోజు వరస

ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. ఎనిమిదిన్నరకి నిర్వాహకులు, తొమ్మిదిన్నరకి అతిథులు, పేర్ల నమోదు, బూట్ల బ్రష్షు. పదింటికి వెల్కమ్ టు కంట్రీ, రెండు మాటలు, భద్రత సూచనలు. ఆ వెంటనే నడకలు. ప్రసంగాల కన్నా నడకలు ముందుండాలి, ఎందుకంటే అడవి చూసి వచ్చాక సన్మానం ఎవరికి, ఎందుకు జరుగుతోందో అందరికీ అర్థమవుతుంది. పదకొండున్నరకి సన్మానం, పన్నెండింటికి భోజనాలు, తర్వాత పాటలు. రెండింటికల్లా సర్దడం. పంక్తిలో తెలుగువాళ్లని ఒకవైపు, గ్రూపు వాళ్లని ఒకవైపు కూర్చోనివ్వకుండా కలిపి కూర్చోబెట్టండి, ఈ పని చేయడానికి కలుపుగోలుగా ఉండే ఇద్దరు అత్తయ్యలు చాలు.

12. తర్వాతి పని రోజు

భోజనాలప్పుడే ఒక బల్ల మీద తర్వాతి రెండు మూడు పని రోజుల తేదీలు, సమయం, ఎక్కడ కలవాలో రాసి, పక్కన పేర్ల కాగితం పెట్టండి. "ఆసక్తి ఉందా" అని అడిగితే అందరూ ఉందంటారు. "వచ్చే నెల ఈ ఆదివారం వస్తారా" అని అడగండి. వారం లోపల ఫోటోలతో పాటు ధన్యవాదాలు పంపండి, పని రోజుకి రెండు రోజుల ముందు ఫోన్ చేసి గుర్తుచేయండి, కారు లేనివాళ్లకి ఎవరు తీసుకొస్తారో మాట్లాడిపెట్టండి. మొదటిసారి వచ్చినవాళ్ల పక్కన తెలుగు తెలిసిన వాలంటీరు ఒకరు ఉంటే బాగుంటుంది, ఏది కలుపో ఏది కాదో తేల్చుకోలేక భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. వాళ్లకి ఒకే ఒక్క కలుపు మొక్క చూపించి, ఇవాళ్టికి ఇది మాత్రమే తీయండి అని చెప్పండి. రెండో నెల రెండో మొక్క.

పండుగ జరిగిన గడ్డి చుట్టూ ఆ వారంలోనే బుష్‌కేర్ ఆఫీసర్‌తో కలిసి ఒకసారి నడవండి. తొక్కుడు పడిన మొలకలు, మిగిలిపోయిన తాళ్లు, జెండాలు, రబ్బరు బ్యాండ్లు కనిపిస్తే రాసుకుని, వచ్చే ఏడాది టెంటు ఎటు జరపాలో అప్పుడే నిర్ణయించేయండి. పార్కు బుకింగ్ కూడా అదే రోజు పెట్టేయండి, కార్తీక ఆదివారాలు త్వరగా నిండిపోతాయి.